హాలోవీన్ దెయ్యాల పూజా? గుమ్మడికాయ దీపం కుళ్లకుండా ఉండాలంటే?

అమెరికాలో ఇది మీ మొదటి హాలోవీన్ అన్నారు. ఇది దెయ్యాల పూజేమో, వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగడానికి పిల్లల్ని పంపొచ్చా, ముఖం చెక్కి లోపల దీపం పెట్టే గుమ్మడికాయ రెండ్రోజులకే ఎందుకు కుళ్లుతుంది అని అడిగారు.

నిశ్చింతగా పంపండి. దీని మూలం ఐర్లాండ్‌లో చలికాలం మొదలయ్యే సౌవిన్ పండగ. పంట ఇంటికి చేరి, కొండమేతకు వెళ్లిన పశువుల్ని కిందికి తోలుకొచ్చే కాలం. అక్టోబర్ 31 పొద్దుగూకితే పండగ మొదలైనట్టే. ఆ రాత్రి అవతలి లోకం తలుపులు తెరుచుకుంటాయని నమ్మేవారు. రాస్‌కామన్ కౌంటీలోని 'పిల్లుల గుహ' నుంచి వింతజీవాలు బయటికొస్తాయని పాత ఐరిష్ కథలు చెబుతాయి. సౌవిన్ అంటే మృత్యుదేవత అని ఇంటర్నెట్‌లో తిరిగే మాట మాత్రం తప్పు. అది పండగ పేరే.

9వ శతాబ్దంలో చర్చి నవంబర్ 1ని సకల పునీతుల పండగగా స్థిరపరిచింది. దాని ముందు రాత్రే హాలోవీన్. తర్వాత నవంబర్ 2 చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే రోజైంది. మన ఊళ్లలో క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండగ ఈ రెండోదే. ఇంగ్లాండ్‌లో ఈ రోజుల్లో పేదలు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు తీసుకునేవారు. స్కాట్లాండ్ పిల్లలు వేషం కట్టి, పాటో పద్యమో చెప్తేనే ఆపిల్, గింజలు దక్కేవి. పిల్లల మిఠాయి సంచికి మూలం ఇదీ.

దీపం మొదట గుమ్మడికాయ కాదు, టర్నిప్ దుంప. ఐర్లాండ్‌లోని డొనెగల్‌లో చెక్కిన ఒకదాని ప్లాస్టర్ అచ్చు మేయో కౌంటీలోని మ్యూజియంలో ఉంది. ముడతలు పడ్డ ముఖం, పళ్లు బయటపెట్టిన నోరు. నేటి గుమ్మడికాయ కంటే అదే ఎక్కువ భయపెడుతుంది. అమెరికా చేరిన ఐరిష్‌వాళ్లకి పెద్దగా, సులువుగా తొలిచేలా గుమ్మడికాయ దొరికింది.

ఇక చెక్కడం. తొడిమ గట్టిగా, పచ్చగా ఉన్న కాయ తీసుకోండి. తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు, ఊడొస్తుంది. మూత కోసేటప్పుడు కత్తిని లోపలికి వాల్చండి. నిటారుగా కోస్తే మూత ఎండి ముడుచుకుని లోపలికి జారిపోతుంది. గింజలు, పీచు తీశాక ముఖం చెక్కే వైపు గోడని గట్టి చెంచాతో గీకి సుమారు రెండున్నర సెంటీమీటర్లకి తేవాలి. మందంగా ఉంటే వెలుగు బయటికి రాదు, మరీ పలచనైతే ముఖం కుంగిపోతుంది. కాగితం మీద గీసిన బొమ్మని అంటించి, గీతల వెంట పిన్నుతో గుచ్చి, సన్నని రంపం కత్తితో కొయ్యండి. కళ్లు, ముక్కు ముందు, నోరు చివర. నోరు ముందే కోస్తే గోడ బలహీనపడి మిగతాది విరుగుతుంది.

కుళ్లడానికి కారణం లోపల మిగిలిన తడి పీచు, దాని మీద పట్టే బూజు. లీటరు నీళ్లలో చెంచాడు బ్లీచ్ కలిపి లోపలంతా చల్లి, పూర్తిగా ఆరనిచ్చి, కోసిన అంచులకి వాసెలిన్ రాయండి. అక్టోబర్ 29కి ముందు చెక్కొద్దు. టెక్సాస్ లాంటి వేడి చోట 30 సాయంత్రమే మేలు. కొవ్వొత్తి వేడికి మూత ఉడికి మెత్తబడుతుంది, బ్యాటరీ దీపం పెట్టండి.

ఆ గుజ్జుతో దప్పళం పెట్టకండి, చెక్కడానికి అమ్మే కాయ నీళ్లగా, చప్పగా ఉంటుంది. దప్పళానికి చిన్న 'షుగర్ పంప్‌కిన్' కొనుక్కోండి. గింజలు మాత్రం కడిగి ఆరబెట్టి, ఉప్పు, కారం, కాస్త నూనె పట్టించి 350 ఫారెన్‌హీట్‌లో పావుగంట వేయించండి, బాగుంటాయి.

పిల్లలకి ఒక్క నియమం నేర్పండి: వాకిట్లో లైటు వెలుగుతున్న ఇంటి తలుపే తట్టాలి. మీ ఇంట్లో మిఠాయిలు అయిపోగానే మీరూ లైటు ఆర్పెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు.