శాస్త్ర సందేహాలు: పరిశోధన ఫలితాన్ని ఎప్పుడు నమ్మాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కొత్త ఆవిష్కరణల గురించి కాక, వాటిని నమ్మవచ్చునా అన్న అనుమానం గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: 2023లో కొరియా శాస్త్రవేత్తలు మామూలు గది వేడిమిలోనే పనిచేసే అతివాహకాన్ని కనిపెట్టారని టీవీల్లోనూ ఫోన్లలోనూ హోరెత్తింది. కొన్ని వారాలకే అది నిజం కాదన్నారు. అమెరికాలోనూ ఇటువంటిదే జరిగిందని చదివాను. ఇవే ఇలా తేలిపోతే మాలాంటి వారు దేనిని నమ్మాలి?
- బీఎస్సీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీరు చెప్పిన రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒకటి తొందరపాటు, రెండవది నమ్మకద్రోహం.

అతివాహకం అంటే ఏమాత్రం నిరోధం లేకుండా విద్యుత్తును పోనిచ్చే పదార్థం. ఇంతవరకు రూఢిగా తెలిసిన అతివాహకాలన్నిటినీ బాగా చల్లబరచడమో, విపరీతమైన ఒత్తిడిలో బిగించడమో తప్పదు. ఆసుపత్రిలోని ఎంఆర్ఐ యంత్రపు తీగచుట్టలను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచేది అందుకే. ఆ ఖర్చు తప్పించే పదార్థం దొరికిందంటే ప్రపంచం ఉలిక్కిపడడంలో ఆశ్చర్యం లేదు.

కొరియా బృందం 2023 జూలైలో ప్రకటించిన ఎల్‌కే-99 సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఆ పత్రాన్ని ఇతర నిపుణుల సమీక్షతో పని లేకుండా దాఖలు చేసుకోగల ఆర్కైవ్ అనే ఇంటర్నెట్ భాండాగారంలో పెట్టారు. అయితే తయారీ విధానాన్ని దాపరికం లేకుండా రాశారు కనుక, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మొదలుకొని చైనా, జర్మనీల దాకా ఎన్నో చోట్ల కొద్ది వారాలలోనే దానిని స్వయంగా తయారు చేసి చూడగలిగారు. 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం హఠాత్తుగా పడిపోవడం కొరియా వారికి అతివాహకతగా తోచింది. ఆ అంకె చూసిన ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ జైన్‌కు మాత్రం మరొకటి స్ఫురించింది: కాపర్ సల్ఫైడ్ తన లోపలి అమరికను మార్చుకునే ఉష్ణోగ్రత సరిగ్గా అదే. ముడిసరుకులో గంధకం ఉండడం వల్ల ఆ సల్ఫైడ్ మలినంగా మిగిలిపోయింది. స్టట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వారు మలినం లేని స్ఫటికాలను పెంచి చూస్తే, అవి అతివాహకాలు కావు సరికదా, విద్యుత్తును పోనివ్వని బంధకాలని తేలింది.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రంగా డయాస్ బృందం సంగతి వేరు. వాతావరణ పీడనానికి సుమారు 26 లక్షల రెట్ల ఒత్తిడిలో ఒక పదార్థం 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అతివాహకమైందని వారు 2020 అక్టోబరులో నేచర్ పత్రికలో రాశారు. అయస్కాంత ధర్మాలకు సంబంధించిన అంకెలు ఎలా వచ్చాయని ఇతర శాస్త్రవేత్తలు నిలదీయగా, 2022 సెప్టెంబరులో పత్రికే దానిని ఉపసంహరించింది. 2023 మార్చిలో లుటీషియం హైడ్రైడ్ అనే పదార్థం మీద వారు ప్రచురించిన రెండవ పత్రం కూడా ఆ నవంబరులోనే వెనక్కి పోయింది. పత్రం మీద పేర్లున్న 11 మందిలో 8 మంది స్వయంగా ఉపసంహరణ కోరారు. విశ్వవిద్యాలయం రప్పించిన బయటి నిపుణులు విచారించి, పరిశోధనలో అక్రమం జరిగిందని తేల్చారు. డయాస్ ఆరోపణలను ఖండించారు.

ఇక, దేనిని నమ్మాలన్న మీ ప్రశ్నకు వస్తాను. పేరున్న పత్రికలో అచ్చయిందంటే ఇద్దరో ముగ్గురో నిపుణులు ఆ పత్రాన్ని శ్రద్ధగా చదివారని మాత్రమే అర్థం. వారు ప్రయోగశాలలో నిలబడి మీటరు ముల్లును చూసినవారు కారు. పత్రంలో ఉన్న అంకె నిజంగా మీటరు చూపిన అంకేనని నమ్మి, అక్కడినుంచి తర్కాన్ని పరీక్షిస్తారు. కాబట్టి వార్త వినగానే నేను చూసేది ఒక్కటే: ఆ బృందంతో సంబంధం లేని మరొకరు తమ చేతులతో చేసి అదే ఫలితం రాబట్టారా? లేదంటే ఎంత గొప్ప పత్రిక అయినా కొన్నాళ్ళు ఆగుతాను.

ప్రశ్న: మా నాన్నగారికి అల్జీమర్స్ వ్యాధి ఉంది. ఆ వ్యాధి మీద వచ్చిన ముఖ్యమైన పరిశోధనే దొంగ చిత్రాలతో చేసినదని ఎవరో పంపగా చదివాము. అయితే డాక్టరుగారు రాసిన మందులు కూడా పనికిరానివేనా? మానేయమంటారా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి మాటకు సమాధానం చెబుతాను. దయచేసి మానవద్దు. మన దగ్గర సాధారణంగా రాసే డొనెపెజిల్ మందు 1996 నుంచి వాడుకలో ఉంది; మీరు చదివిన పత్రం 2006 నాటిది. ఆ మందుకు ఈ పత్రం ఆధారం కాదు, కాలేదు కూడా. ఏ మార్పయినా మీ డాక్టరుగారితో మాట్లాడాకే చేయండి.

మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు నేచర్‌లో అచ్చు వేసిన ఆ పత్రం, మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రోటీన్‌లో ఒక ప్రత్యేక రూపమే జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని, ఎలుకల మీద ప్రయోగాల ఆధారంగా చెప్పింది. ప్రోటీన్ల ఉనికిని చూపే చిత్రాలలో బూడిదరంగు నేల మీద నల్లని అడ్డుపట్టీలు వరుసగా కనిపిస్తాయి; పట్టీ ఎంత ముదురుగా ఉంటే ప్రోటీన్ అంత ఎక్కువని లెక్క. వాటిలో కొన్ని ఒక చోటినుంచి కత్తిరించి మరొక చోట అతికించినట్టున్నాయని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యుడు మాథ్యూ ష్రాగ్ గుర్తించిన సంగతి 2022లో బయటికి వచ్చింది. 2024 జూన్‌లో పత్రాన్ని ఉపసంహరించారు. అప్పటికి దానిని రెండు వేలకు పైగా పత్రాలు ఉటంకించాయి. ఆ దారిన వెళ్ళిన యువ పరిశోధకుల ఏళ్ళూ, ప్రజల సొమ్మూ ఎవరు తిరిగి ఇస్తారని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

అయినా అమిలాయిడ్ పేరుకోవడమే వ్యాధికి మూలమన్న సిద్ధాంతం ఈ ఒక్క పత్రంతో కూలిపోలేదు. దానికి 1990ల నుంచి వేరే జన్యు ఆధారాలున్నాయి. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే మందును 1,795 మందిపై 18 నెలలపాటు పరీక్షించగా, వ్యాధి ముదిరే వేగం 27 శాతం తగ్గింది. వినడానికి పెద్ద అంకెగానే ఉన్నా రోజువారీ జీవితంలో ఆ తేడా స్వల్పం. పైగా కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కలుగుతాయి. ఇది తొలిదశలో ఉన్నవారికి ఇచ్చే మందు. మీ నాన్నగారికి తగునో కాదో పరీక్షలు చేసి డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ మూడవ సంవత్సరంలో ఉన్నాను. ఫలితాల చిత్రాలలో అనవసరమైన మచ్చలు తీసేసి "శుభ్రంగా" పంపమని మా గైడుగారు అంటున్నారు. మరోవైపు, డబ్బు కడితే పత్రం రాసి, అచ్చు వేయించి, పేరు కూడా చేరుస్తామని వాట్సాప్‌లో సందేశాలు వస్తున్నాయి. మా సీనియర్లలో కొందరు అలాగే గట్టెక్కారు. నేనేం చేయాలి?
- పేరు రాయవద్దన్న పరిశోధక విద్యార్థి

జవాబు: మీరు ఈ ప్రశ్న వేసినందుకు మిమ్మల్ని గౌరవిస్తున్నాను.

చిత్రం విషయంలో పత్రికలు పాటించే నియమం తేలికైనదే. చిత్రం మొత్తానికి సమానంగా వెలుతురు పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఒక మూలను మాత్రమే సవరించడం, మచ్చను చెరపడం, రెండు చిత్రాలను అతుకు కనపడకుండా కలపడం తప్పు. మీకు మచ్చగా కనిపించేది రేపు మరొకరికి ఆధారం కావచ్చు. యంత్రం నుంచి వచ్చిన అసలు ఫైలును తేదీతో సహా విడిగా భద్రపరచండి. గైడుగారితో ఎదురువాదనకు దిగకుండా, "అసలు చిత్రాన్ని కూడా పత్రిక అడుగుతోందండీ, రెండూ జత చేద్దామా?" అని ఈమెయిల్‌లో రాసి అడగండి. చాలా సందర్భాలలో అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే శాఖలోని అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌ను సంప్రదించండి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు ప్రతి శాఖలోనూ అది ఉండాలన్నాయి. సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిసబెత్ బిక్ తన సహచరులతో కలిసి 20,621 పత్రాలలోని చిత్రాలను పరిశీలించి, 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం 3.8 శాతం పత్రాలలో అనుమానాస్పదమైన చిత్రాలున్నాయి. చూసేవారు ఉన్నారని మీ గైడుగారికీ తెలియడం మంచిది.

డబ్బు తీసుకుని పత్రాలు తయారు చేసే ఆ దుకాణాల సంగతి మరీ విషాదం. వాటి సరుకు ఎంతగా పేరుకుపోయిందంటే, 2023 ఒక్క సంవత్సరంలో హిందావీ ప్రచురణ సంస్థ పత్రికలు 8,000కు పైగా పత్రాలను ఉపసంహరించాయి. ఈ సరుకును గుర్తుపట్టే ఆనవాలు ఒకటి చెబుతాను. ఇతర పత్రాలతో సారూప్యాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు చిక్కకుండా, వారు ఇతరుల వాక్యాలలో మాటలకు పర్యాయపదాలు దింపుతారు. అప్పుడు 'బ్రెస్ట్ క్యాన్సర్' కాస్తా 'బూజమ్ పెరిల్' (రొమ్ము ఆపద) అవుతుంది, 'బిగ్ డేటా' కాస్తా 'కలాసల్ ఇన్ఫర్మేషన్' అవుతుంది. పదం తెలిసిన వైద్యుడెవరూ అలా రాయడు. ఫ్రాన్స్‌లో గియోమ్ కబానాక్, ఆయన సహచరులు 2021 నుంచి ఇటువంటి పదాలను పట్టుకుని వేల పత్రాలను బయటపెట్టారు.

నా అభిప్రాయం ఒకటి నిర్మొహమాటంగా రాస్తాను. సారూప్యం 10 శాతం లోపైతే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అన్న మన నిబంధన మంచి ఉద్దేశంతోనే పుట్టింది. కానీ ఆ శాతం నకలును పట్టుకోగలదే తప్ప కల్పించిన అంకెను పట్టుకోలేదు. సిద్ధాంత గ్రంథానికి ముందే పత్రం అచ్చు కావాలన్న షరతును యూజీసీ 2022లో తొలగించినా, ఉద్యోగాలలో, పదోన్నతులలో పత్రాలను సంఖ్యతో కొలవడం మారలేదు. లెక్క సంఖ్యతో ఉన్నంత కాలం ఆ వాట్సాప్ సందేశాలు వస్తూనే ఉంటాయి. మీ పేరు మీద అచ్చైన కొన్న పత్రం ఏనాడు ఉపసంహరణకు గురైనా, ఆ ప్రకటనలో మీ పేరే ఉంటుంది. అమ్మినవాడి పేరు ఉండదు.

ప్రశ్న: కృత్రిమ మేధ ప్రోటీన్ల రూపాన్ని ఊహించి చెబితే నోబెల్ ఇచ్చారు. లోపల ఏం జరుగుతుందో తెలియని యంత్రం మాటను ఎలా నమ్మారు?
- విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మీరు చెప్పిన యంత్రం పేరు ఆల్ఫాఫోల్డ్; అది రాకముందే పరీక్ష సిద్ధంగా ఉండడం వల్ల నమ్మారు. 1994 నుంచి రెండేళ్ళకొకసారి క్యాస్ప్ అనే పోటీ జరుగుతోంది. ప్రయోగశాలలో ఆకారం తేలినా ఇంకా బయటపెట్టని, లేదా తేలబోతున్న ప్రోటీన్లను ఇచ్చి, వాటి రూపాన్ని చెప్పమంటారు. జవాబు ఎవరికీ అందదు కనుక సర్దుబాటుకు వీలుండదు. 2020 పోటీలో ఆల్ఫాఫోల్డ్ చాలా ప్రోటీన్లకు ప్రయోగ ఫలితాలతో పోల్చదగినంత కచ్చితంగా చెప్పింది. 2024 రసాయన నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్‌ను తయారు చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, మిగతా సగం కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు దక్కింది.

అంతరిక్షంలోని భారీ సంఘటనల నుంచి వచ్చే సన్నని అలలను, అంటే గురుత్వ తరంగాలను వెతికిన అమెరికాలోని లైగో వేధశాలల వారు ఇంకా కఠినంగా తమను తామే పరీక్షించుకున్నారు. 2010 సెప్టెంబరులో కొద్దిమంది రహస్యంగా ఒక దొంగ సంకేతాన్ని యంత్రంలోకి పంపారు. మిగతా వందలాది శాస్త్రవేత్తలు నెలల తరబడి శ్రమించి, పత్రం కూడా రాసి సిద్ధం చేశాక, 2011 మార్చిలో అసలు సంగతి చెప్పారు. 2015లో నిజమైన తరంగం అందినప్పుడు వారి మాటకు అంత బలం రావడానికి ఆ కసరత్తూ ఒక కారణం.

ప్రశ్న: ప్రాక్టికల్స్‌లో మా పిల్లలు లోలకం ప్రయోగానికి ముందే గురుత్వ త్వరణం 'జీ' విలువ 980 వచ్చేలా వెనక నుంచి లెక్క కట్టి రీడింగులు రాసేస్తున్నారు. మందలిస్తే "మార్కులు దానికే కదా మేడమ్" అంటున్నారు. ఇంత చిన్న విషయానికి పట్టుబట్టడం చాదస్తమా?
- జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, విజయనగరం

జవాబు: చాదస్తం కాదండీ. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రవేత్త మోసం 2002లో ఎలా బయటపడిందో చూడండి. వేరువేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫులలో, యాదృచ్ఛికంగా రావలసిన చిన్న చిన్న ఒడిదుడుకులు కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. విచారణ కమిటీ అసలు రీడింగులు చూపమంటే, ఆయన దగ్గర సరైన రికార్డు పుస్తకమే లేదు.

నేను డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పిన రోజుల్లో, తరగతిలో అందరి రికార్డులలోనూ 980 ఉండగా ఒక అబ్బాయి పుస్తకంలో 50 సెంటీమీటర్ల పొడవుకు 962, 100 సెంటీమీటర్లకు 971 వచ్చాయి. దిద్దుకోలేదు, సిరాతోనే రాశాడు, భయపడుతూ తెచ్చాడు. అప్పటినుంచి నేను పెన్సిల్‌తో రాసిన రీడింగును అంగీకరించలేదు. కొట్టివేత ఒకే గీతతో, కింది అంకె కనిపించేలా ఉండాలనీ, తేడాకు కారణం వెతికినందుకు విడిగా మార్కులుంటాయనీ చెప్పేవాడిని. మీరూ అలా చేసి చూడండి.

ఆ అబ్బాయిని అడ్డంగా పొడవు, నిలువుగా ఆవర్తన కాలపు (ఒక పూర్తి ఊపుకు పట్టే కాలం) వర్గం పెట్టి గ్రాఫు గీయమన్నాను. సరళరేఖే వచ్చింది, కానీ మూలబిందువు గుండా పోలేదు. పొడవు అక్షాన్ని ఒక సెంటీమీటరు ఎడమగా తాకింది. రేఖ వాలు నుంచి లెక్క కడితే 981 వచ్చింది. అతడు దారాన్ని గుండు పైభాగం వరకే కొలిచాడు, మధ్య వరకు కొలవలేదు. వెర్నియర్ తీసుకుని గుండు వ్యాసం కొలిచాం. సరిగ్గా 2 సెంటీమీటర్లు ఉంది.