నరంలోకి ఎక్కించే ఆహారానికి అనుమతి కోరే ముందు

అమ్మా,

నీ ఉత్తరం చేరింది. పేగు కుళ్లి ఆపరేషన్ అయిన ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న రోగికి టీపీఎన్ (పేగుతో పనిలేకుండా పూర్తి ఆహారాన్ని నరంలోకే ఎక్కించే పద్ధతి) సంచులు ఎక్కించాలంటే డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగావు. నా అనుభవంలో డబ్బు కంటే ముందు, అనుమతి కోసం మనం పథకం వాళ్లకు రాసి పంపే కాగితమే అడ్డు పడుతుంది.

నీరసం వస్తే గ్లూకోజ్ ఎక్కించుకుంటే బలమని మన పల్లెల్లో ఎంత నమ్మకమో నీకు తెలుసు. ఆ నమ్మకం మన కేస్‌షీట్లకూ అంటుకుంది. లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో, అంటే ఆ గ్లూకోజ్ సీసాలో, ఉండేది 50 గ్రాముల చక్కెర, అంటే దాదాపు 170 కిలోకేలరీలు. 50 కిలోల మనిషికి రోజుకు 1,250 నుంచి 1,500 కావాలి, ప్రోటీన్ కనీసం 60 గ్రాములు కావాలి. ఈ లెక్క రాయకుండా ‘ఐవీ ఫ్లూయిడ్స్, న్యూట్రిషన్’ అని ఒక్క ముక్క రాసి పంపితే, అవతల చదివే డాక్టరు సెలైన్ సీసానే ఊహించుకుంటాడు.

నేనూ అలాగే రాశాను. పేగు రక్తనాళంలో గడ్డ కట్టి, 70 సెంటీమీటర్ల చిన్నపేగు మాత్రమే మిగిలిన ఒక కౌలురైతు విషయంలో నా కాగితం రెండు పంక్తులు దాటలేదు, అనుమతి రాలేదు. అతని కొడుకు చీటీ పట్టుకుని ఎదుటి మందుల షాపులో నాలుగు సంచులు కొన్నాడు. ఐదో రోజు ఉదయం రౌండ్స్‌కు వెళ్లేసరికి స్టాండుకు మామూలు గ్లూకోజ్ సీసా వేలాడుతోంది. ‘ఇదీ బలమే కద సార్’ అన్నాడు ఆ అబ్బాయి. వాళ్లమ్మ చేతులకు బంగారు గాజులు లేవని అప్పుడు చూశాను. నగదు లేని వైద్యమని చేర్చుకున్నవాళ్ల చేతికి చీటీ ఇవ్వడమే తప్పని ఆనాడు నాకు తట్టలేదు.

ఆరోగ్యశ్రీలోనైనా, ఆయుష్మాన్ భారత్‌లోనైనా శస్త్రచికిత్సకు ఇచ్చేది పడక, మందులు, భోజనం అన్నీ కలిసిన ఒకే మొత్తం. పేగు తీసి వారంలో ఇంటికి పంపే రోగికి అది సరిపోతుంది. మూడు వారాలు నరం మీదే బతకవలసిన రోగికి సంచుల ఖర్చే దాన్ని మింగేస్తుంది కాబట్టి ఆసుపత్రి యాజమాన్యం వెనకాడుతుంది. అందుకని ఈ రోగి మామూలు రోగి కాడని మొదటి కాగితంలోనే తేలాలి. మిగిలిన పేగును థియేటర్‌లోనే కొలిచి, ఆ కొలత ఆపరేషన్ నోట్స్‌లో రాయి. ఫిస్టులా (పేగులోది బయటికి కారే చిల్లు) ఉంటే రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు కారుతోందో రాయి. 500 దాటితే అది ఎక్కువ కిందే లెక్క. రోగనిర్ధారణ దగ్గర ‘పేగు వైఫల్యం’ అని స్పష్టంగా ఉండాలి. ఎన్ని రోజులకు అడుగుతున్నావో, ఏ గుర్తు కనిపిస్తే ఆపుతావో కూడా చెప్పు, ఎందుకంటే ముగింపు తేదీ లేని ఖర్చుకు సంతకం పెట్టడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గిందని మాత్రం వాదించకు. ఇన్‌ఫెక్షన్‌లోనూ అది తగ్గుతుందని అవతలివాళ్లకు తెలుసు.

సీఎం సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు ఇస్తామని ఆసుపత్రికి ముందుగా ఇచ్చే హామీపత్రం) కావాలంటే చికిత్సకు ముందే అడగాలి. పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ఆపరేషన్ రోజునే పిలిచి కూర్చోబెట్టుకో.

ఇంకో మాట కటువుగానే చెబుతాను. పేగు పనిచేస్తున్న రోగికి టీపీఎన్ రాయకు. చిన్నపేగులోకి నేరుగా పెట్టే జెజునాస్టమీ గొట్టం ద్వారా ఇవ్వగలిగినచోట సంచి పెట్టామంటే, నిజంగా అవసరమైన తర్వాతి రోగి కాగితాన్ని కూడా అనుమానంగానే చూస్తారు. టీపీఎన్ పెట్టినప్పుడు నరంలోకి వేసిన గొట్టంలో, అంటే లైన్‌లో, ఒక దారిని ఆహారానికే కేటాయించి, రక్తం తీయడానికీ యాంటీబయాటిక్స్‌కూ దాన్ని ముట్టనివ్వకు. చాలా రోజులు తిండి లేని మనిషికి ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇచ్చి, ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూసుకుంటూ మెల్లగా పెంచు. లైన్ ఇన్‌ఫెక్షన్ ఒక్కటి వచ్చిందంటే నువ్వు రాసిన ఖర్చు లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇంటికి పంపాక సంచులు ఎవరిస్తారన్న నీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అమెరికాలో మెడికేర్ దీన్ని పనిచేయని అవయవానికి బదులు పెట్టే కృత్రిమ సాధనాల పద్దులో చేర్చి, ఇంటి దగ్గర ఎక్కించుకునే సంచులకూ చెల్లిస్తుంది. మన దగ్గర కిడ్నీ పోయినవాడికి డయాలసిస్ ఇస్తున్న పథకాన్ని, పేగు పోయినవాడి గురించి అదే తర్కంతో అడగవచ్చు. అయితే ఒక్క రోగి పేరు మీద అడిగితే అది దయగా మిగిలిపోతుంది. ఏడాది పాటు మీ వార్డు కేసులన్నీ రిజిస్టరులో ఎక్కించి, డిపార్ట్‌మెంట్ తరఫున ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపండి.

నా పాత రిజిస్టరు కొరియర్‌లో వేశాను. గడులు అవే వాడుకో. ‘బయట కొన్న సంచులు’ అన్న చివరి గడి మాత్రం నేను ఆ కౌలురైతు తర్వాత గీసుకున్నది.

ఆశీస్సులతో,
నీ పాత ప్రొఫెసరు