సీటు కింద నారింజలు

అమ్మలూ,

నువ్వూ అల్లుడూ జీపు అద్దెకు తీసుకుని, దాని కప్పు మీదే టెంట్ వేసుకుని, బోట్స్వానాలోని మౌన్ నుంచి మొరేమీ, సవూతీ అడవులు, కసానే మీదుగా జింబాబ్వేలోని మానా పూల్స్ జాతీయ పార్కు దాకా వెళ్తున్నారట. "నువ్వైనా ఆపు అన్నయ్యా" అని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నేను ఆపను. ఉడత దిగివచ్చేదాకా జామచెట్టు కింద కదలకుండా కూర్చునే పిల్లవి, నువ్వు వెళ్లకపోతే ఎవరు వెళ్తారు? కానీ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి ముందే మొదలుపెట్టండి. ఇసుక దారిలో టైర్ల గాలి తగ్గించండి. ఆగస్టులో తెల్లవారుజామున చలి కొరికేస్తుంది, స్వెటర్లు ఉండాలి. బోట్స్వానాలో గాలికుంటు భయంతో పశువుల కంచెల దగ్గర పచ్చిమాంసం తీసేసుకుంటారు.

ఇక పళ్ల సంగతి. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

నేను బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో లెక్కల మాస్టారుగా ఉన్న రోజులు. 1997లో మీ అత్తయ్యా, ఆరేళ్ల మీ బావా, నేనూ మానా పూల్స్ వెళ్లాం. నారింజ, నిమ్మ లాంటివి ఉన్నాయా అని పార్కు గేటు దగ్గర అడిగారు. లేవన్నాను. సీటు కింద రెండు డజన్లున్నాయి. దారి పొడవునా బాబుకి వాంతులు, నారింజ తొన చప్పరిస్తేనే కుదుటపడేవాడు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

మేం దిగిన న్యామెపీ క్యాంపుకి కంచె లేదు. పక్కనే జాంబెజీ నది. అర్ధరాత్రి ఫట్ మని చప్పుడు. టెంట్ జాలీలోంచి చూస్తే వెన్నెల్లో ఏనుగు, పగిలిన కారు అద్దంలోంచి తొండం లోపలికి పెట్టి వెతుకుతోంది. మాకూ దానికీ మధ్య నాలుగడుగులు. మీ అత్తయ్య బాబు నోరు చేత్తో మూసింది. ఆ చెయ్యి వణకడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఏనుగు సంచి లాగి, ఒక్కొక్కటే తిని, మావైపు చూడకుండా వెళ్లిపోయింది.

పొద్దున్నే గేటుకి వెళ్లి ఒప్పుకున్నాను. అక్కడి కాపలా అతను తిట్టలేదు. "ఆ రుచి మరిగితే ఇక ప్రతి కారూ వెతుకుతుంది. మనుషుల మీదికొస్తే మేమే కాల్చాల్సి వస్తుంది" అన్నాడు. దాన్ని తర్వాత ఏం చేశారని అడిగే ధైర్యం నాకు ఇన్నేళ్లలో రాలేదు.

చీకట్లో కిందికి దిగకండి. తప్పకపోతే ముందు టార్చ్ నాలుగువైపులా వేసి చూడండి. చెప్పులు బయట వదిలితే దుమ్ములగొండి ఎత్తుకుపోతుంది. నీటిగుర్రానికీ నదికీ మధ్య నిలబడొద్దు. వింటున్నావా తల్లీ? పగలు మాత్రం ఇంజిన్ ఆపి, ఆ జామచెట్టు కిందలాగే కూర్చో. అక్కడ వెనక కాళ్ల మీద లేచి కొమ్మలందుకునే మగ ఏనుగులున్నాయి. మేం ఆ పొద్దున్నే వచ్చేశాం, నేను చూడలేదు.

మీ అమ్మ నిమ్మకాయ పచ్చడి కడుతుంది. వద్దని నువ్వు చెప్పకు, బాధపడుతుంది. గోంగూర పెట్టమని నేను చెబుతాను.

మీ మావయ్య