పెద్ద రివాల్వర్‌పై స్కోపు ఎందుకు కదులుతుంది?

ప్రశ్న: మా పెద్దబ్బాయి అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాడు. అక్కడి చట్టం ప్రకారం కొనుక్కున్న .44 మాగ్నమ్ రివాల్వర్‌పై మొదట తన రైఫిల్ స్కోపును (గురి చూడడానికి తుపాకీపై బిగించే దుర్భిణిని) పెట్టి చూస్తే, చేతులు చాచినప్పుడు బొమ్మ సరిగా కనిపించలేదట. తరువాత పిస్టల్ స్కోపు కొన్నాడు. కొంతసేపు కాల్చేసరికి దాని గురి మారిపోతోందని, స్కోపే నాసిరకమని అంటున్నాడు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన నాకు మాత్రం లోపం బిగింపులో ఉందేమో అనిపిస్తోంది. నా దగ్గర లైసెన్సు ఉన్న .32 రివాల్వర్ ఉంది. దానికి కూడా స్కోపు పెట్టించుకోవచ్చా?
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అనుమానమే సరైనదని నేను భావిస్తున్నాను. స్కోపును తప్పుపట్టే ముందు దానిని పట్టుకొని ఉన్న రింగులను, ఆ రింగులు కూర్చున్న బేస్‌ను, బేస్‌ను ఫ్రేముకు కలిపే చిన్న స్క్రూలను పరీక్షించమని మీ అబ్బాయికి చెప్పండి.

.44 మాగ్నమ్‌లో సాధారణంగా వాడే 240 గ్రెయిన్ల తూటా, అంటే సుమారు పదిహేనున్నర గ్రాముల సీసం, సెకనుకు 400 మీటర్లకు పైగా వేగంతో బయటికి వస్తుంది. ఆ వేగమంతా ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే పుడుతుంది కాబట్టి, కిలోన్నర బరువున్న రివాల్వర్ కూడా అంతే హఠాత్తుగా వెనక్కి తన్నుతుంది. పైనున్న పావు కిలో స్కోపు మాత్రం ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తుంది. దానిని తమతోపాటు వెనక్కి లాగే రింగులపైన, స్క్రూలపైన ఆ క్షణంలో పడే బలం స్కోపు బరువుకు కొన్ని వందల రెట్లు ఉంటుంది. పట్టు చాలకపోతే స్కోపు రింగుల్లోంచి ముందుకు జారుతుంది. దీనిని కనిపెట్టడం తేలిక. రింగు ముందు అంచుకు ఆనించి స్కోపు గొట్టంపై సన్నని గీత గీసి, ఒక పెట్టె తూటాలు కాల్చిన తరువాత గీతకు, రింగుకు మధ్య సందు వచ్చిందేమో చూడాలి.

సందు కనిపిస్తే రింగులను మాత్రమే మళ్లీ బిగించి ఊరుకోకూడదు. అన్నీ విప్పి, అడుగునున్న బేస్ స్క్రూల నుంచి మొదలుపెట్టాలి. మరల్లోని నూనెను స్పిరిట్‌తో తుడిచి, అవసరమైతే మళ్లీ విప్పడానికి వీలుండే నీలిరంగు థ్రెడ్‌లాకర్‌ను (స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురును) ఒక్క చుక్క వేసి, తయారీదారు చెప్పిన టార్క్ (తిప్పే బలం) వరకే బిగించాలి. బలం ఉంది కదా అని అంతకు మించి తిప్పితే అల్యూమినియం గొట్టం నొక్కుకుపోతుంది. రింగు అడ్డబోల్టును బేస్ గాడిలో ముందు గోడకు ఆనేలా నెట్టి పట్టుకొని బిగించడం చాలామంది మరచిపోయే పని, కానీ అదే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంత తన్నే ఆయుధానికి రెండు రింగులకన్నా మూడు రింగులు మేలు. రూగర్ సూపర్ రెడ్‌హాక్ వంటి రివాల్వర్లలో రింగులు కూర్చోవడానికి ఫ్రేములోనే గుంటలు ఉంటాయి కనుక విడిగా బేస్ అవసరం ఉండదు.

రైఫిల్ స్కోపుతో బొమ్మ కనిపించకపోవడానికి కారణం ఐ రిలీఫ్, అంటే బొమ్మ పూర్తిగా కనిపించాలంటే కన్ను స్కోపుకు ఎంత దూరంలో ఉండాలనే కొలత. రైఫిల్ స్కోపుకు అది ఎనిమిది, పది సెంటీమీటర్లు ఉంటే, చేతులు చాచి చూసే పిస్టల్ స్కోపుకు సుమారు అరమీటరు ఉంటుంది. బొమ్మ కోసం రివాల్వర్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చి కాలిస్తే స్కోపు నుదుటిని చీలుస్తుంది. ఈ ప్రయత్నం ఎన్నడూ చేయవద్దని దయచేసి గట్టిగా చెప్పండి.

ఇక కాల్చే పద్ధతి. స్కోపు చేతి వణుకును పుట్టించదు, ఉన్నదానిని పెద్దది చేసి చూపిస్తుంది. క్రాస్‌హెయిర్ (స్కోపులో కనిపించే అడ్డ, నిలువు గీతల గుర్తు) లక్ష్యం మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను లాగేసేవారి తూటాలు చెదురుతాయి. అందుకే రెండు రెట్లు పెద్దదిగా చూపించే స్కోపు చాలునని నా అభిప్రాయం. రివాల్వర్ వెనుకనున్న సుత్తిని (హ్యామర్‌ను) ముందే వెనక్కి లాగి ఉంచితే ట్రిగ్గర్ తేలికవుతుంది. స్కోపు అడ్డు వచ్చి బొటనవేలికి సుత్తి అందకపోతే పక్కకు పొడిగించే చిన్న ముక్క దొరుకుతుంది. ఇసుక సంచిపై ఆనించేటప్పుడు సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్యనున్న సందు దగ్గర వేళ్లు ఉండకూడదు, అక్కడినుంచి వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది. బ్యారెల్‌ను గట్టి వస్తువుపై ఆనిస్తే తూటా తగిలే చోటు మారుతుంది కాబట్టి మెత్తని సంచి వాడాలి. మొదట 25 గజాల దగ్గర గురి సరిచూసి, తరువాత దూరం పెంచుకోవాలి. స్కోపు గురిని సరిచేసే మరను తిప్పినప్పుడు పడే ఒక క్లిక్కు 100 గజాల దగ్గర ఎంత జరుపుతుందో, 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే జరుపుతుందని గుర్తుంచుకోవాలి.

మీ .32 విషయానికి వస్తే, వద్దనే చెబుతాను. అది దగ్గరి దూరంలో ఆత్మరక్షణకు ఉద్దేశించిన ఆయుధం, దానికి స్కోపు వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా బిగించాలంటే ఫ్రేములో రంధ్రాలు వేయవలసి వస్తుంది. ఆయుధాల చట్టం, 1959 కిందికి వచ్చే వస్తువుపై ఫిట్టర్‌గా ఎంత నైపుణ్యం ఉన్నా మీరు సొంతంగా డ్రిల్ పెట్టకూడదు. ఏ మార్పు చేయించాలన్నా ముందు విశాఖ పోలీసు కమిషనర్ కార్యాలయంలోని ఆయుధాల లైసెన్సు విభాగంలో రాతపూర్వకంగా అడగండి.