లకుముకి గూటికి రాళ్లు అడ్డం పెట్టిన కథ

ప్రశ్న: మేడమ్ గారూ, మా స్థలాన్ని ఆనుకుని పారే ఏరు ఏటా కాస్త కాస్త ఒడ్డును కోసుకుపోతోంది. రాళ్లు పేర్పించమని ఒకరంటే, కొబ్బరి పీచు చుట్టలు వేసి మొక్కలు నాటించమని ఇంకొకరంటున్నారు. రాళ్లు వేస్తే నీటి జీవాలకు చేటని విన్నాను గానీ, ఎగువన రాళ్లు వేసినచోట చేపలు మునుపటికన్నా ఎక్కువే కనిపిస్తున్నాయి. మరి చేటెక్కడ?

జవాబు: మీరు చూసింది నిజమే. అయితే అవి ఏ చేపలు? అడుగంతా ఇసుక, ఒండ్రు ఉన్న ఏట్లో రాళ్లు పోస్తే, రాతిని అంటిపెట్టుకుని బతికే పురుగులూ, సందుల్లో నక్కి వేటాడే చేపలూ వచ్చి చేరతాయి. యూరప్‌లో రైన్ నది ఒడ్డంతా రాళ్లు పేర్చారు. నల్లసముద్రం, కాస్పియన్ వైపు నుంచి వచ్చిపడ్డ గోబీ చేపకు అది కట్టిచ్చిన ఇల్లయింది. అది గుడ్లు పెట్టేది రాతి సందుల్లోనే, మగచేప కాపలా కాసేదీ అక్కడే. తలలు లెక్కపెడితే చేపలు ఎక్కువే మరి.

పిల్లచేపలకు కావలసింది వేరు. లోతు లేని, వడి తగ్గిన నీళ్లు కావాలి. ఒడ్డు నుంచి జారిన వేర్లు, విరిగిపడ్డ కొమ్మ, మీద కాస్త నీడ ఉండాలి. రాతి ఒడ్డు దగ్గర లోతు అంచులోనే మొదలవుతుంది. చెట్లు కొట్టేశాకే రాళ్లు వేస్తారు కాబట్టి నీడా పోతుంది. ఒడ్డువార ఇసుకలో సగం కూరుకుని ఉండే ఆల్చిప్పల మీద రాళ్ల లారీ దిమ్మరిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? బతికి బయటపడ్డవాటికీ ఇంకో చిక్కుంది. చాలా జాతుల ఆల్చిప్పల పిల్లలు మొదట కొన్నాళ్లు చేపల మొప్పలకు అతుక్కుని పెరగాలి. ఆ చేపలు ఒడ్డు విడిచిపోతే వీటి సంతతికీ దారి మూసుకుపోతుంది.

నేనూ ఒకప్పుడు రాళ్ల పక్షమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వంపు దగ్గర రాతి పేర్పు కొలతలు చూడ్డం నా పని. నిట్రగా కోసుకుపోయిన మట్టి ఒడ్డు, నాకన్నా ఎత్తు. అందులో పిడికిలంత బొరియ ఒకటుంది, దాని కింద సున్నం కారినట్టు తెల్లటి చార. ఎలుక బొరియ అనుకుని కాగితం మీద టిక్కు పెట్టి ముందుకు నడిచాను. మర్నాటికి అక్కడ రాళ్లు లేచాయి. మధ్యాహ్నం ఒక లకుముకి నోట చేప పట్టుకుని ఆ రాళ్ల ముందు గాలిలో రెక్కలాడిస్తూ నిలబడింది. వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది. తెల్ల చార గూట్లో పిల్లలున్నాయనడానికి గుర్తని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఆ సొరంగం రెండు మూడు అడుగుల పొడవుంటుంది, లోపలికి పోయేకొద్దీ కాస్త పైకి వాలి ఉంటుంది, చివర చేప ముళ్ల మీద పిల్లలు. రాళ్లు తీయించడానికి నాకు అధికారం లేదు, అడగడానికి ధైర్యం చాల్లేదు.

అలాంటి ఒడ్డులోనే గుంపులుగా బొరియలు తవ్వుకునే వానకోయిలలున్నాయి. కాలిఫోర్నియాలో ఆ పిట్టను 1989లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. శాక్రమెంటో నది పొడవునా ఒడ్డుకు రాళ్లు పరచడం అక్కడ దానికున్న పెద్ద గండాల్లో ఒకటి. కోత పడితేనే వాటికి కొత్త గోడ దొరుకుతుంది. మనకు నష్టంగా కనిపించే ఒడ్డు వాటికి ఇల్లన్నమాట.

ఇక పీచు చుట్టల సంగతి. మొక్కలు అనగానే అంతా మంచే అనుకోకండి. నాటడానికి వీలుగా నిట్ర ఒడ్డును చెక్కి ఏటవాలు చేస్తారు, దాంతో లకుముకి గోడ ఇక్కడా పోయినట్టే. పైన పరిచే వల ప్లాస్టిక్‌దైతే పాములు దాంట్లో చిక్కుకుని చస్తాయి. కొబ్బరి పీచుతో అల్లిన వలనే అడిగి తీసుకోండి. అది కొన్నేళ్లకు కుళ్లిపోతుంది, ఆలోగా వేర్లు పట్టు సాధించాలి. వేర్లు పట్టాక మాత్రం తేడా కళ్లకు కడుతుంది. తూనీగ పిల్ల నీళ్లలోంచి జమ్ము కాడ పట్టుకుని పైకొచ్చి, వీపు చీల్చుకుని రెక్కలు ఆరబెట్టుకుంటుంది. విడిచిన తొడుగు ఆ కాడకే వేలాడుతూ ఉంటుంది, చూడండి.

నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది ఆ కోతను ఆపాలా అని. ఇల్లో దారో దగ్గర్లో లేకపోతే కొన్ని గజాలు ఏటికి వదిలేసి, లోపలి వైపు చెట్లు పెంచండి. వదలడం కుదరకపోతే వంపు బయటి వైపు, ఒడ్డు పాదం దగ్గర మాత్రమే రాళ్లు వేయించండి. నీళ్లు కోసేది పాదాన్నే, పైమట్టి ఆ తర్వాత కూలుతుంది. రాళ్ల పైన వేర్లకు వదిలేయండి. పేర్పు ఎక్కడ ఆగితే అక్కడ, దాని దిగువన, కోత ముదురుతుంది. కాబట్టి కింది పొలం వాళ్లతో ముందే మాట్లాడండి. పని మొదలుపెట్టే ముందు ఒక పొద్దుటిపూట ఎదుటి ఒడ్డున కూర్చుని తెల్ల చారల కోసం వెతకండి. కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా పని ఆపండి.

ఎప్పుడో కట్టిన రాతి ఒడ్డును విప్పేయడమూ జరిగే పనే. మ్యూనిక్ నగరంలో 2000 నుంచి 2011 దాకా ఇజార్ నదికి 8 కిలోమీటర్ల మేర బిగించిన ఒడ్లను సడలించి, గులకరాళ్ల మేటలు వేసుకునే చోటిచ్చారు. వరద నుంచి కాపుదల తగ్గించకుండానే చేశారు.

ప్రశ్న: తీగ బుట్టల్లో రాళ్లు నింపి పేర్చే గేబియన్లు మేలు కాదా?

జవాబు: కాంక్రీటు గోడకన్నా మేలు, సందుల్లో మట్టి చేరితే మొక్క మొలుస్తుంది. కానీ నిలువుగా మెట్టు మీద మెట్టు పేరిస్తే గుడ్లు పెట్టడానికి గట్టెక్కే తాబేలు మొదటి మెట్టు దగ్గరే వెనుదిరుగుతుంది. మధ్య మధ్య మట్టి వాలు వదలమనండి. తుప్పు పట్టి తెగిన తీగలను ఏటా చూసి కత్తిరించే మనిషి లేకపోతే అసలు పెట్టించకండి.