వేలిముద్ర అమ్మదే అయితే బ్యాంకుకు సంబంధం లేదా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. అమ్మ వ్యవసాయ కూలీ, చదువు రాదు. ఊళ్లోకి వేలిముద్రతో డబ్బిచ్చే మిషన్ తెచ్చే అతని దగ్గర రూ.2,000 తీసుకుంది. ‘సర్వర్ లేదు, మళ్లీ పెట్టు’ అని రెండోసారి వేలు పెట్టించాడు. తర్వాత పాస్‌బుక్ వేయిస్తే ఇంకో 8,000 పోయాయి. బ్యాంకులో ‘వేలిముద్ర మీ అమ్మదే, మాకేం సంబంధం’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. రెండో ముద్ర ఎంత మొత్తానికో అమ్మకు తెలిసే వేసిందా అన్నదే ఇక్కడ ప్రశ్న. తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సింది బ్యాంకే. రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే ఈ నియమం పెట్టింది.

ముందు ఆ మిషన్ ఏ బ్యాంకుదో తేల్చండి. ఆధార్ మిషన్ ఒక బ్యాంకుదైనా మరో బ్యాంకు ఖాతాలోని డబ్బు తీస్తుంది. మేనేజర్లు చేతులు దులుపుకునేది ఈ సందులోంచే. అతను మీ బ్యాంకు పెట్టుకున్న ఏజెంటే (బ్యాంకు మిత్ర) అయితే అతని పనికి బ్యాంకుదే బాధ్యత, మీరు ఆలస్యంగా చెప్పినా సరే. బయటివాళ్ల మోసమైతే గడువు చూస్తారు. బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన 3 పనిదినాల్లో చెబితే అమ్మకు నష్టం ఉండకూడదు. 4 నుంచి 7 పనిదినాలైతే జీరో బ్యాలెన్స్ ఖాతాకు నష్టం రూ.5,000 దాటకూడదు. అమ్మ ఖాతాకు ఫోన్ నంబరే లేకపోతే మెసేజ్ ఎక్కడ వచ్చింది, గడువు ఎప్పుడు మొదలైంది? ఇది గట్టిగా అడగండి.

ఈరోజే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకు నోటిమాటతో వెళ్లొద్దు. పంటు దాటి వెళ్తే ఒక రోజు కూలీ పోతుందని నాకు తెలుసు, కాబట్టి అర్జీ రాసుకునే వెళ్లి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. లావాదేవీ సమయం, మిషన్ నంబరు, అది ఏ బ్యాంకుదో రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి, రుసుము లేదు.

పోలీసు ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత 318 (మోసం), ఐటీ చట్టం 66సి (గుర్తింపు దొంగతనం) సెక్షన్లు ప్రస్తావించండి. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. మహిళ కాబట్టి, ఆదాయంతో నిమిత్తం లేకుండా అమ్మకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయమని అందరూ సలహా ఇస్తారు. కానీ రేషన్ బియ్యానికీ ఆ వేలే కావాలి, లాక్ తీయడానికి ఆధార్‌కు లింకైన ఫోన్ ఉండాలి. అది లేకపోతే, ఖాతాలోంచి వేలిముద్రతో డబ్బు తీయడాన్ని ఆపమని అదే అర్జీలో ఇంకో వాక్యం చేర్చండి.