కణానికి ఏమీ తెలియదు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ‘కణం అనే మహానగరం’ అన్న శీర్షిక చూడగానే ఒళ్ళు మండింది. మూడో పేజీలో బ్యాక్టీరియా “తెలివిగా ఆలోచించి, ఆహారం ఎటు ఉందో తెలుసుకుని, అటే ఈదుకుంటూ వెళ్తుంది” అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పడేశాను. పడేయడంలో చివరి పేజీ పైకి వచ్చింది. గాయం అంచున ఉన్న చర్మకణాలు పక్కన ఎవరూ లేని వైపుకి పాకుతాయని, అవతలి అంచు నుంచి వచ్చే కణాలు తగలగానే ఆగిపోతాయని రాశావు. అది బాగుంది. ఆ పేరా రాసినవాడు మిగతా పేజీలు ఎందుకలా రాశాడో నాకు అర్థం కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ నగరంలో కేంద్రకం రాజు, మైటోకాండ్రియా కరెంటు స్టేషన్, రైబోజోములు ఫ్యాక్టరీలు, కణత్వచం కోటగోడ. రాజు ఆజ్ఞలు జారీ చేస్తాడు, అందరూ పాటిస్తారు. సరే, మరి రాజు లేకపోతే? నీ ఒంట్లోని ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదు. ఆ మాటకొస్తే మైటోకాండ్రియా కూడా ఉండవు. రాజూ లేడు, కరెంటూ లేదు. అయినా సుమారు 120 రోజులు ఒళ్ళంతా తిరుగుతూ పని చేస్తుంది. ఎసిటాబ్యులేరియా అనే సముద్రపు నాచు ఉంది. ఉన్నది ఒకే ఒక్క కణం, పొడవు మాత్రం కొన్ని సెంటీమీటర్లు. పైన టోపీ, మధ్యలో కాడ, అడుగున కేంద్రకం. 1930లలో హామర్లింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కేంద్రకం ఉన్న అడుగు భాగాన్నీ, పైన టోపీనీ కోసేసి చూశాడు. మిగిలిన కాడ వారాల తరబడి బతకడమే కాక కొత్త టోపీని కూడా పెంచుకుంది. ఆ టోపీ ఏ ఆకారంలో రావాలన్నది కేంద్రకం నుంచి ముందే వచ్చి కాడలో నిలవున్న పదార్థాల మీద ఆధారపడుతుందని కూడా ఆయనే తేల్చాడు. అంటే కేంద్రకం ముఖ్యమే, కాదనను. కానీ అది సింహాసనం మీద కూర్చుని ఎవరినీ శాసించడం లేదు.

ఇన్నేళ్ళుగా నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఒక్కటే. కణంలో ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరూ ఏమీ కోరుకోరు, ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒక అణువు ఇంకో అణువుకి తగులుతుంది. ఆకారం కుదిరితే కాసేపు అతుక్కుంటుంది, లేకపోతే జారిపోతుంది. అతుక్కున్నప్పుడు దాని ఒంపు కొంచెం మారుతుంది, ఆ మార్పు వల్ల మరొకటి అతుక్కోవడమో ఊడిపోవడమో జరుగుతుంది. అంతే. ఈ ‘అంతే’ నుంచి ప్రాణం ఎలా వస్తుందో చూపించడమే మన పని. నువ్వు రాజుని తెచ్చి పెట్టిన చోటల్లా ఆ పని చేయకుండా తప్పించుకున్నావు.

పాఠ్యపుస్తకాల బొమ్మలు కూడా నిన్ను పాడు చేశాయి. వాటిలో కణం లోపల బోలెడంత ఖాళీ కనిపిస్తుంది, అక్కడక్కడా రంగురంగుల బుడగలు తేలుతుంటాయి. అసలు లోపల ఆఫీసు టైములో సిటీ బస్సులా ఉంటుంది, కదలాలంటే పక్కవాణ్ణి తోసుకోవాల్సిందే. ఈ.కోలై బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. ఆ ఇరుకులో లక్షల ప్రోటీన్ అణువులు నీటి అణువుల తాకిడికి క్షణం ఆగకుండా అల్లాడుతుంటాయి. ఎటు వెళ్ళాలన్న ఉద్దేశమే లేని ఒక మామూలు ప్రోటీన్ సెకనులో చిన్న భాగంలోనే ఆ కొస నుంచి ఈ కొసకి కొట్టుకొచ్చేస్తుంది. అందుకే అక్కడ దారి చూపేవాడి అవసరం లేదు. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోంచి వచ్చిన రేణువులు నీళ్ళలో గజిబిజిగా కదలడం చూసి, ఇది ప్రాణం వల్లేనా అని అనుమానించి, రాతిపొడి వేసి చూశాడు. అదీ అలాగే కదిలింది. నీ రాజుకి ‘న్యూక్లియస్’ అన్న పేరు పెట్టినవాడు కూడా ఈ బ్రౌనే, 1831లో. ఇంత మంచి కథ చేతిలో ఉండగా నువ్వు కోటగోడ ఎందుకు కట్టావో!

ఇక నీ బ్యాక్టీరియా దగ్గరికి వస్తాను. 1972లో హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ అనే ఇద్దరు, ఈదుతున్న ఒక్క బ్యాక్టీరియాని వదలకుండా వెంబడించే మైక్రోస్కోప్‌తో అది ఏం చేస్తుందో రికార్డు చేశారు. ఒక సెకను పాటు దాదాపు తిన్నగా ఈదుతుంది. తర్వాత సెకనులో పదో వంతు సేపు గిరికీలు కొడుతుంది. ఆగాక ఏ దిక్కుకి మొహం ఉంటే ఆ దిక్కుకి మళ్ళీ ఈత. తిరిగే దిక్కుని ఎంచుకోవడం దానికి చేతకాదు. ఆహారం పెరుగుతూ ఉంటే గిరికీ ఆలస్యమవుతుంది, అంతే తేడా. మంచి దారిలో ఉన్నప్పుడు కొంచెం ఎక్కువసేపు వెళ్తుంది కాబట్టి, మొత్తం మీద ఆహారం వైపే జరుగుతుంది. అటు వెళ్దామని ఎవరూ అనుకోలేదు.

మరి ‘పెరుగుతోంది’ అని ఎలా పోల్చుకుంటుంది? ఇక్కడే నువ్వు ఆగి, ఊపిరి తీసుకుని, నాలుగు పేరాలు రాయాల్సింది. అంత చిన్న ఒంటికి ముందు భాగంలో ఆహారం ఎంత, వెనక భాగంలో ఎంత అని సరిచూసుకోవడం దాదాపు అయ్యే పని కాదు. ఇప్పటికీ కొద్ది సెకన్ల కిందటికీ తేడా చూసుకుంటుంది. పొర మీద బయటి అణువుల్ని పట్టుకునే ప్రోటీన్లకి, అంటే గ్రాహకాలకి, ఆహారపు అణువులు తగిలితే, లోపల ఒక చిన్న ప్రోటీన్‌కి ఫాస్ఫేటు అంటించే పని మందగిస్తుంది. ఫాస్ఫేటు అంటిన ఆ ప్రోటీన్ వెళ్ళి కశాభాన్ని, అంటే ఈదడానికి ఉన్న తోకని, తిప్పే మోటారుకి అతుక్కుంటేనే మోటారు ఎదురు దిక్కుకి తిరిగి గిరికీ వస్తుంది. అది తగ్గితే గిరికీలూ తగ్గుతాయి. ఈలోగా గ్రాహకాల మీద మిథైల్ గుంపులు అనే చిన్న చిన్న రసాయన ముక్కలు ఒక్కొక్కటే నెమ్మదిగా చేరి, వాటిని మళ్ళీ మామూలు స్థితికి తెస్తాయి. ఆ నెమ్మదితనమే దాని జ్ఞాపకం. బుర్ర లేదు, నరం లేదు, గ్రాహకం మీద చేరిన మిథైల్ గుంపులే కొద్ది సెకన్ల కిందటి సంగతి. దీన్ని ‘తెలివిగా ఆలోచించి’ అనేస్తే ఇంకేం మిగిలింది?

ఇదే విషయం మీద చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం అనుబంధానికి వ్యాసం రాశాను. అప్పట్లో అక్కడ నా కాలమ్ నడిచేది. ఎడిటర్ పెద్దమనిషి ఫోన్ చేసి, “ఈ మిథైలూ గిథైలూ ఎవరిక్కావాలండీ, బ్యాక్టీరియాకి తెలివుందని ఒక్క ముక్క రాయండి, చాలు” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆదివారం చూస్తే మిథైల్ పేరా ఎగిరిపోయింది, పైన ‘బ్యాక్టీరియాకూ బుర్ర!’ అని హెడ్డింగు, పక్కన కళ్ళజోడు పెట్టుకున్న బ్యాక్టీరియా బొమ్మ. డబ్బుల కోసం వెళ్తే రేపు రమ్మనేవాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ఇప్పుడు ఆ ఎడిటర్లు పోయి, ‘మీకు తెలియని పది అద్భుత నిజాలు’ అడిగేవాళ్ళు వచ్చారు. పదింటిలో ఒక్కదానికీ కారణం ఉండదు. నీ వ్యాసంలో ఆ వాసన కొట్టింది కాబట్టే ఇంత కోపం.

శాస్త్రవేత్తలకీ ఈ బాధ తప్పలేదు, అదొక్కటే కొంచెం ఊరట. ఇటలీలో ఫెరూచియో రిటోసా పండు ఈగల లార్వాల లాలాజల గ్రంథుల్ని పరిశీలిస్తుండగా, ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. చూస్తే క్రోమోజోముల మీద కొత్త చోట్ల ఉబ్బులు. అంటే ఆ చోట జన్యువులు ఉన్నట్టుండి పనిలోకి దిగాయన్నమాట. ఆయన పంపిన వ్యాసాన్ని మొదట ఒక పత్రిక, దీనికి జీవశాస్త్రంలో ప్రాముఖ్యం లేదని తిప్పి పంపింది. 1962లో వేరే చోట అచ్చయింది. వేడికి కణం ఎలా స్పందిస్తుందన్న పరిశోధన అంతా అక్కడి నుంచే మొదలైంది.

ఆ స్పందన నడిచే తీరు చూడు. ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా సాయం చేసే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి, వాటిని షాపెరోన్లు అంటారు. మామూలు రోజుల్లో వాటిలో కొన్ని ఒక స్విచ్ ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని దాన్ని కదలనివ్వవు. వేడెక్కితే మిగతా ప్రోటీన్ల మడతలు చెడతాయి. షాపెరోన్లన్నీ వాటికి అతుక్కుపోతాయి, స్విచ్‌ని పట్టుకునే నాథుడు ఉండడు. అది విడుదలై డీఎన్‌ఏ మీద వాలితే ఇంకా షాపెరోన్లు తయారవుతాయి. సరిపడా తయారైతే అవే వచ్చి మళ్ళీ స్విచ్‌ని పట్టుకుంటాయి. థర్మామీటర్ ఎక్కడుంది? ఎవరు చూశారు? ఇది నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో ఉంది: “వేడి ఎక్కువైతే కణం తనను తాను రక్షించుకుంటుంది.” ఆ వాక్యం చదివి ఎవడైనా ఒక్క కొత్త సంగతి నేర్చుకుంటాడా?

కణం తన పనులకి ఖర్చు పెట్టే ఏటీపీ అణువు దగ్గర యల్లాప్రగడ సుబ్బారావు పేరు రాసి, ‘మన గర్వకారణం’ అని ముందుకు వెళ్ళిపోయావు. గర్వం తర్వాత, ముందు ఆయన ఏం చేశాడో చెప్పు. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని నీలం రంగుగా మార్చి, రంగు చిక్కదనాన్ని బట్టి ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం రావాల్సినంత త్వరగా రాలేదు. ఇంకొకరైతే మందు పాతబడిందనుకునేవాళ్ళు. వీళ్ళు మాత్రం, భాస్వరాన్ని పట్టుకున్న ఏదో పెళుసు పదార్థం మెల్లగా విరుగుతూ దాన్ని వదులుతోందని కనిపెట్టారు. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927. ఏటీపీ 1929లో దొరికింది, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్‌కీ దొరికింది. ఆలస్యంగా వచ్చిన ఆ నీలం రంగు గురించి రాయకుండా సుబ్బారావు గురించి రాయడం ఏం రాత?

అదే పేజీలో ‘ఏటీపీ బంధంలో శక్తి దాగి ఉంటుంది’ అన్నావు. దాగి ఉండదు. బంధం తెంచడానికి ఎప్పుడూ శక్తి ఖర్చవుతుంది. లాభం ఎక్కడంటే, విరిగాక నీళ్ళతో కలిసి ఏర్పడే పదార్థాలు ఇంకా నిలకడగా ఉండటంలో. అంతకంటే ముఖ్యం, కణం ఏటీపీని సమతాస్థితికి, అంటే ఇక ఎటూ మార్పు లేకుండా ఆగిపోయే స్థితికి, కోట్ల రెట్లు దూరంగా నిలబెట్టి ఉంచుతుంది. ఆ దూరాన్ని నిలబెట్టడమే బతకడం. కణం మొత్తం సమతాస్థితికి చేరిందంటే చచ్చిందన్నమాటే. ఆ దూరాన్ని నిలిపే పనిలో పెద్ద భాగం పొరకి ఇవతలా అవతలా ప్రోటాన్ల ఎక్కువతక్కువలది. 1961లో పీటర్ మిచెల్ ఈ మాట చెబితే చాలామంది చాలాకాలం నమ్మలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు. దీని మీద విడిగా రాయి, ఇందులో ఇరికించకు.

పెరుగుదల భాగం పర్వాలేదు. కానీ ‘డీఎన్‌ఏ నకలు పూర్తయ్యాక కణం విభజన చెందుతుంది, తర్వాత మళ్ళీ నకలు మొదలవుతుంది’ అన్న వరస అన్ని కణాలకీ చెల్లదు. మంచి ఆహారంలో ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. దాని డీఎన్‌ఏ నకలు పూర్తవడానికేమో 40 నిమిషాలు. లెక్క కుదరదే అనుకున్నావా? ఒక నకలు ముగియక ముందే ఇంకోటి మొదలవుతుంది. పుట్టిన పిల్ల కణంలో అప్పటికే దాని మనవరాళ్ళ కోసం నకలు సాగుతూ ఉంటుంది. ఇది పెట్టు, కానీ చివర ఆశ్చర్యార్థకం పెట్టకు.

పత్రికలకి పంపాలా, సొంతంగా పుస్తకం వేసుకోవాలా అని అడిగావు, ఇంకా ఏవేవో అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు గాయం పేరాని మొదటికి తీసుకురా. ఆ కణాలు ‘తగలగానే’ ఎందుకు ఆగుతాయో దానికి చేర్చు. పాకే కణానికి ముందంచున ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరుగుతూ పొరని ముందుకు తోస్తుంటాయి. ఇంకో కణం తగిలిన చోట ఆ తోపు ఆగిపోతుంది. 1950లలో మైకేల్ అబర్‌క్రాంబీ గాజు పలక మీద కణాలు ఒకదాన్నొకటి తాకి ఆగడం ఓపిగ్గా చూస్తూ గమనించిన సంగతి ఇది. నువ్వూ దాన్ని ఎక్కడో వీడియోలో చూసే రాసి ఉంటావు. చూసి రాసింది కాబట్టే అందులో రాజు లేడు.

మళ్ళీ రాసి పంపు. నగరం బొమ్మ వేసిన ఆ అట్ట మాత్రం పంపొద్దు, పోస్టు ఖర్చు దండగ.

ఉంటాను.